నోటీసులో ఒక్క పేరు

2001 ఆగస్టు, గురువారం

మా అమ్మాయి విజయ ఆలోచనకి మొదటి బహుమతి వచ్చిందని కాగితాల మిల్లులో నోటీసు పెట్టారు. సంతోషం పట్టలేక అన్నం కూడా సరిగ్గా తినలేదు.

మిషను మీద కాగితం పదే పదే చిరిగిపోతుంటే ఇంజనీర్లకే అంతు చిక్కలేదట. లాబులో పనిచేసే మా విజయ మాత్రం రోజూ క్యారేజీ పట్టుకెళ్లి మిషను వాళ్ల చాప మీద కూర్చుని తింటుంది. మిషను మీద తిరిగే కంబళికి మడ్డి పడితే కాగితం చిరుగుతోందని అక్కడే మిషను నడిపే వీర్రాజు అన్నాడు. బాయిలరు వేడినీళ్లు వృథాగా పోతున్నాయని అతని పక్కనే తినే లక్ష్మణరావు అన్నాడు. ఆ నీళ్లతో కంబళి కడగమని మా పిల్ల రాసిచ్చింది, నా బంగారు తల్లి.

“మరి నోటీసులో నీ పేరొక్కటే ఉందేంటమ్మా?”

“ఒక్క పేరే రాయాలన్నారు నాన్నా. ఇవాళ వాళ్లిద్దరూ నన్ను చాప మీదకి భోజనానికి పిలవలేదు.”

అప్పటినుంచి కుదురుగా కూర్చోలేకపోతున్నాను. ఆ చాప మీద చోటు పోతే దానికి ఇంకో ఆలోచన ఎక్కడినుంచి వస్తుంది? ఆదివారం ఇద్దరినీ ఇంటికి భోజనానికి పిలవమన్నాను. వస్తారో రారో అంటోంది.

పొద్దున్నే ఈ బహుమతి కబురు చెప్పాల్సినవాళ్లు: కొవ్వూరు అక్కయ్య, ధవళేశ్వరం బావగారు, మేనల్లుళ్లు ముగ్గురు, అన్నవరం పిన్ని. పిన్నికి చెముడు, వాళ్లిద్దరితో కలిపి మూడు పేర్లూ గట్టిగా చెప్పాలి.