పడవ సంగతి అడగని ఉత్తరం

మైపాడు,
1962 జనవరి ఆఖరు.

శ్రీవారికి, కామాక్షమ్మ నమస్కరించి రాసుకునేది. ఇక్కడ అందరం క్షేమం. అక్కడ మీ కాలు కుదుటపడుతున్నదనీ, పక్క మంచాల వాళ్లకు గాలివాటం గురించి పాఠాలు చెప్పడం కాస్త తగ్గించారనీ తలుస్తాను.

మీ ఉత్తరం సోమవారం అందింది. చదివి పక్కన పెట్టి, మళ్లీ తీసి చదివాను. మేకను అడిగారు, ఇంటి కప్పును అడిగారు, నా మోకాలిని అడిగారు, పక్కింటి ఆదిశేషమ్మ దగ్గును కూడా అడిగారు. పడవను మాత్రం అడగలేదు. మద్రాసు ఆసుపత్రిలో చేరిన నాటి నుంచి మీరు రాసిన ప్రతి ఉత్తరంలోనూ పడవ ముందు, మనుషులు తర్వాత. ఈసారి ఆ మాటే లేకపోయేసరికి వేరే ఎవరి ఆయన ఉత్తరమో పొరపాటున నాకు ఇచ్చారేమోనని కవరు తిప్పి చూశాను. రాత మీదే. ఆఖర్న, పోయినదాని గురించి మనసు పాడు చేసుకోవద్దని ఒక ముక్క ఉంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు అడిగినవాటికి జవాబులు రాస్తాను.

మేక ఈనింది. రెండూ పోతులే. కప్పు మీద పడమటి పక్క తాటాకు మార్పించాడు మీ తమ్ముడు చెంచురామయ్య. మొన్నటి వానకు కారలేదు గాని గాలికి నిలుస్తుందో లేదో చూడాలి. ఆదిశేషమ్మ దగ్గు తగ్గింది. మిరియాల కషాయం నేనే కాచి ఇచ్చాను, చేదుగా ఉందని నన్నే తిట్టుకుంటూ తాగింది. నా మోకాలు ఎప్పటిలాగే ఉంది. నేల మీద నడిస్తే నొప్పి, పడవలో నిలబడితే లేదు.

పాత ఉత్తరాల్లో మీరు చెప్పిన పనుల సంగతి కూడా రాయాలి కదా. తెరచాపను తడిగా చుట్టి పెట్టవద్దన్నారు. పెట్టలేదు. తుమ్మ చెక్క ఉడికించిన నీళ్లలో రెండు మార్లు నానబెట్టి, ఆరవేసి, కుట్లు వదులైన చోటల్లా మైనం పట్టించిన దారంతో మళ్లీ కుట్టాను. అంచు తాడు కుట్టేటప్పుడు గుడ్డను లాగి పట్టకూడదని మీరు రాసింది గుర్తుంది. అలా లాగి కుట్టింది మీరే, విప్పి సరిచేసింది నేను. ఎలుకలు చాప గుడ్డ కోసం రావు, దానికి అంటిన అన్నం వాసనకు వస్తాయి. అందుకని అబ్రహామును భోజనం చేసిన చేత్తో చాప ముట్టుకోవద్దన్నాను. ఇన్నేళ్లు మన పడవలో గడ వేసినవాణ్ణి, ఇప్పుడు నా చెయ్యి మైల పడిందా అని నొచ్చుకున్నాడు. సబ్బు ఇచ్చాక సర్దుకున్నాడు.

లంగరు తుప్పు గీకి తారు పూశాను. దాని రింగు సన్నబడిపోయింది, కమ్మరి దగ్గర కొత్తది వేయించాను. పొయ్యి కింద ఇసుక మార్చాను. లాంతరు ఇంకా అదే, కాని గాజు పగిలితే చీకట్లో వెతుక్కోకుండా ఇంకో గాజును గడ్డిలో చుట్టి బియ్యం డబ్బాలో పెట్టాను. తాగే నీళ్ల కుండ బదులు మూత ఉన్న రాగి బిందె పెట్టాను. కుండ ఏడాదికి ఒకటి పగులుతున్నా మీరు కుండే మేలంటారు. వచ్చాక దెబ్బలాడుకుందాం.

తాళ్ల గురించి మీరు చాలా బాగా రాశారు. కొబ్బరి తాడు ఉప్పునీళ్లకు మన్నుతుంది గాని వాననీళ్లలో నాని ఉంటే కుళ్లుతుందనీ, పైకి గట్టిగా కనపడినా మెలి విప్పి లోపల చూడాలనీ, పొడి రాలితే ఇక ఆ తాడును నమ్మకూడదనీ రాశారు. అక్షరాలా నిజం. ఆనాడు బయలుదేరే ముందు చాప ఎత్తే తాడు మెలి విప్పి ఆ పొడి మీ అరచేతిలో నేనే పోశాను. ఈ ఒక్క నడకకు పోనీలే అన్నారు. ఆ ప్రయాణంలోనే అది తెగి అడ్డకొయ్య మీ తొడ మీద పడింది. ఆ సంగతి మళ్లీ ఎత్తనని మీ మంచం పక్కన మాట ఇచ్చాను కాబట్టి ఎత్తడం లేదు.

ఇక పడవ.

మునిగిందని చెంచురామయ్య మీకు రాసి ఉంటాడు. అందుకే మీరు అడగలేదు. మీ తమ్ముడు అబద్ధం చెప్పలేదు, తనకు తెలిసింది రాశాడు. పడవ మునిగిన మాట నిజం. దానంతట అది మునగలేదు. నేను ముంచాను.

కంగారు పడకుండా చదవండి. మీతో పాటు నేను మద్రాసులో ఉన్న రోజుల్లో పడవను ఇక్కడ కాలవలో కట్టేసి ఉంచారు. ఒడ్డుకు లాగి అడుగు గీకినవాళ్లు లేరు, నూనె పట్టించినవాళ్లు లేరు. ఉప్పునీళ్లలో అలా వదిలేస్తే ఏమవుతుందో మీకు చెప్పనక్కర లేదు. నేను తిరిగి వచ్చాక పడవల వడ్రంగి చోటే సాహెబును పిలిపించాను. ఆయన సుత్తి తీసుకుని ముందు నుంచి వెనక దాకా తట్టుకుంటూ పోయాడు. మంచి చెక్క కంగుమంటుంది, పురుగు తొలిచింది డొల్లగా పలుకుతుంది. ఎడమ పక్క చాలా చోట్ల డొల్లగానే పలికింది. పైకి సూది మొనంత బెజ్జాలే, లోపల వేలు దూరేటంత సొరంగాలు. పురుగు ఇంకా బతికే ఉంది. పెన్నకు వరద దిగగానే మంచినీళ్లలోకి తీసుకుపోయి నెల పైన ఉంచితే చస్తుందన్నాడు.

వరద వచ్చి తీసింది. అబ్రహామూ నేనూ పడవను కాలవ వెంట పెన్నలోకి తీసుకుపోయి, ప్రవాహం తగలని మడుగులో కట్టాం. కట్టాక చూస్తే, ఖాళీ పడవ నీటి మీద ఎత్తుగా తేలుతోంది. పురుగు పట్టినప్పుడు అందులో దింపని సరుకు ఉంది, పడవ లోతుగా దిగి ఉంది. ఆ బెజ్జాలన్నీ ఇప్పుడు నీటికి జానెడు పైన ఉన్నాయి. అలా ఉంచితే అడుగున ఉన్న పురుగు చస్తుంది, పక్కన ఉన్నది హాయిగా బతుకుతుంది. నింపుదామంటే సరుకు లేదు. గోతాల్లో ఇసుక పోసి వేశాం, అయినా చాలలేదు. అప్పుడు అడుగున బిరడా నేనే తీశాను. అబ్రహాము గట్టున కూర్చుని కళ్లు మూసుకున్నాడు. చోటే సాహెబుకు మర్నాడు తెలిసింది. "తేలేదాన్ని ముంచేదేందమ్మా, పిచ్చిగాని పట్టినాదా" అని తిట్టి, తర్వాత ఆలోచించి, పైకి తీసేటప్పుడు నన్ను పిలవండి అని వెళ్లిపోయాడు.

ఊళ్లో వాళ్లకు నీళ్ల పైన తెరచాప కొయ్య మాత్రం కనిపించింది. ఇక చూడండి. పరామర్శకు వచ్చారు. వరసగా ఆడవాళ్లు వచ్చి నా పక్కన కూర్చుని ముక్కు చీదారు. ఆదిశేషమ్మ నిజంగానే ఏడ్చింది. నన్ను రెండు రోజులు పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. మొగుడికి కాలు విరిగె, పడవ మునిగె, దీని జాతకమేందో అన్నారు. నేను తల వంచుకుని పెట్టింది తిన్నాను. చారు బాగుంది.

నవ్వుతున్నానని అనుకోవద్దు. కార్తీకం ఆఖర్లో మళ్లీ వాన పట్టి రెండోసారి వరద వచ్చింది. కొయ్య కూడా కనిపించలేదు. మడుగంతా బురద నీళ్లు. ఇసుక మేట వేస్తే పడవ అక్కడే పూడిపోతుంది, ఇక ఏ నాటికీ లేవదు. ఆ వారం నేను గట్టు మీదే ఉన్నాను. భయం వేసింది. మీకు ఏమని రాయాలో తెలియక పాత ఉత్తరానికి జవాబు కూడా రాయలేదు. అదీ నా ఆలస్యానికి కారణం, పోస్టు వాళ్లది తప్పు కాదు.

వరద తీసింది. మేట వేసింది గాని పడవకు అవతల వేసింది. నీళ్లు తగ్గి అంచులు బయటపడ్డాక అబ్రహాము తన వాళ్లను తీసుకొచ్చాడు. కిరసనాయిలు డబ్బాలతో తోడాం, గోతాలు మోశాం, బిరడా పెట్టి మళ్లీ తోడాం. పడవ పైకి లేవడం మీకు చూపించలేకపోయానే అనిపించింది. చోటే సాహెబు బెజ్జాల్లో కమ్మి దూర్చి తిప్పి, కొనకు అంటుకున్నది గోటితో తీసి వాసన చూశాడు. "చచ్చినాయి. అన్నీ చచ్చినాయమ్మా" అన్నాడు. ఎడమ పక్క పాడైన పలకలు తీసి కొత్తవి వేశాడు. సందులకు నార కుక్కాం. గుగ్గిలం, చేప నూనె కలిపి కాచి పూశాను. మీరు చెప్పిన పాళ్లు కాదు, నూనె కొంచెం ఎక్కువ పోశాను. మీ పాళ్లకు అది ఎండలో పెళుసెక్కి రాలుతుంది.

ఇంతవరకు చదివి పురుగుల కోసమే ముంచానని మీరు అనుకుంటారు. చోటే సాహెబుకూ అబ్రహాముకూ నేను చెప్పింది అదే. అది నిజమే గాని సగం నిజం. మిగిలిన సగం మీకు తప్ప ఎవరికీ చెప్పనవసరం లేదు.

పడవ ఇంకా కాలవలో ఉన్నప్పుడు, ఒక రోజు నేను లోపల కూర్చుని నార చిక్కు తీస్తుంటే, మీ తమ్ముడు ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. బుచ్చిరెడ్డిపాలెంలో వడ్ల వ్యాపారం చేసే పద్మనాభయ్య గారట. ఆయన పలకలను మూరలతో కొలుచుకుంటూ, కొత్త గాదెకు అడుగు వేయడానికి భలే చెక్క అన్నాడు. తర్వాత ఆగి, మీ తమ్ముణ్ణి అడిగాడు. "ఈ పడవ ఎప్పుడన్నా మునిగినాదా? మునిగిన చెక్కలో మేం వడ్లు పొయ్యం. గింజ నిలవదని మా నాయన చెప్పినాడు."

మా అన్న చేతిలో ఒక్కసారి కూడా మునగలేదని మీ తమ్ముడు ఒట్టు వేశాడు. ఇద్దరూ తాంబూలం పుచ్చుకున్నారు.

ఆయన వెళ్లాక, పడవ అమ్మమని ఎవరు చెప్పారని అడిగాను. చెంచురామయ్య కాలి బొటనవేలితో ఇసుక గీశాడు. "అన్నే రాసినాడొదినా. నీకు చెప్పొద్దన్నాడు."

నాకు కోపం వచ్చింది. మీ తమ్ముడి మీద కాదు, పద్మనాభయ్య గారి మీద కాదు. మీ మీద. కాపురానికి వచ్చిన నాటి నుంచి నా పొయ్యి ఆ పడవలోనే ఉంది. ఉప్పు వేసుకుపోయాం, సరుగుడు కట్టెలు వేసుకుపోయాం, గాలి లేనప్పుడు మీరు గట్టున తాడు లాగుతుంటే చుక్కాని పట్టింది నేనే. మీ కాలు ఇక మడతపడదని డాక్టరు చెప్పగానే పడవ పని అయిపోయిందని మీరు అనుకున్నారు. మీ కాలి సంగతి మీరు తేల్చుకున్నారు. నా చేతులు ఎలా ఉన్నాయని అడగలేదు. అడిగి ఉంటే వద్దని చెప్పేదాన్ని, మీరు వినేవారు కాదు, ఇద్దరం ఉత్తరాల్లో పోట్లాడుకునేవాళ్లం. అది పోయి ఇది వచ్చింది.

బిరడా మీద చెయ్యి వేసినప్పుడు నా మనసులో ముందు మెదిలింది పురుగు కాదు, గాదె. పడవ మునిగిందని విన్న రోజే పద్మనాభయ్య గారు మనిషిని పంపి బేరం వద్దనిపించారు. మీ తమ్ముడు నాకు మొహం చూపించలేక తప్పించుకు తిరిగాడు. అతన్ని ఏమీ అనవద్దు. మీరు చెప్పింది అతను చేశాడు.

మీరు ఆ ఉత్తరం నా మేలు కోరే రాశారని తెలుసు. నేను ఒడ్డున నీడపట్టున ఉండాలని మీ ఆశ. కాని ఆ ఉత్తరం మీరు నాకు రాయాల్సింది. ఇది తప్ప నాకు మీ మీద ఫిర్యాదు లేదు.

మిమ్మల్ని మాఘం నడిమికి పంపిస్తారని రాశారు. రైలుకు రావద్దు. ఈశాన్యపు గాలి ఇంకా ఉంది, వచ్చే నెల దాటితే తిరుగుతుంది. సరుగుడు కట్టెలు మద్రాసుకు చేర్చాలని ఇక్కడి వర్తకులు అడిగారు, రేపు ఎక్కిస్తాం. అబ్రహాము గడ వేస్తాడు, చుక్కాని నేను పడతాను. బేసిన్ బ్రిడ్జి దగ్గర పడవల రేవు మీకు తెలిసిందే. కట్టెలు దింపాక ఆసుపత్రికి రిక్షా పంపిస్తాను. తిరుగు దారిలో గాలి ఎదురు, తాడు లాగుతూ నెమ్మదిగానే రావాలి. మీకు చుక్కాని పక్కన మెత్త వేశాను, కాలు చాచుకునేంత చోటు ఉంది. అక్కడ కూర్చుని తోచినన్ని సలహాలు చెప్పండి. కొన్ని వింటాను కూడా.

చేతికర్ర తెచ్చుకోండి. ఎక్కేటప్పుడు కుడి పక్క నుంచి ఎక్కండి. ఎడమ పక్క పలకలు కొత్తవి, నూనె ఇంకా ఆరలేదు, జారుతుంది.

ఇట్లు,
మీరు అమ్మేసిన పడవలో కూర్చుని
మీ భార్య
కామాక్షమ్మ