పదిహేడో నోడ్ పచ్చగా ఉంది

జనవరి 1, 2025

కొత్త సంవత్సరం ఆరాధన నుంచి ఇప్పుడే వచ్చాను. పళ్ళెంలోంచి ఒక్కొక్కరం వాగ్దానం కార్డు తీసుకున్నాం, ఈ ఏడాదికి తలా ఒక బైబిల్ వాక్యం. తమ్ముడు శాంసన్ అందరివీ గట్టిగా చదివి, ఫోటోలు తీసి మా ఫెలోషిప్ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఏటా తన ఫోన్ లాక్ ఆ వాక్యం అధ్యాయం, వచనం అంకెలేనట. అందరం నవ్వాం. అందరిదీ అంతే మరి.

జనవరి 5

ఇక్కడ గల్ఫ్‌లో, జల్లాఖ్ రోడ్డు కింద డ్రైనేజీ మ్యాన్‌హోళ్ళలో మా కంపెనీవి నలభై ఆరు సెన్సర్లు, ఒక్కోటీ ఒక నోడ్. లోపల విషవాయువు ఎంతుందో కొలిచి, ఒక నోడ్ నుంచి ఇంకో నోడ్ అందుకుంటూ వైర్‌లెస్‌లో నా ట్యాబ్‌కి పంపుతాయి. పచ్చ అయితే మనిషి దిగొచ్చు. ఎరుపయితే దిగకూడదు.

ఈరోజు వాటికి కొత్త కీ, అంటే పాస్‌వర్డ్ లాంటి అంకెలు, పెట్టాలి. ఆ కీతో ఏ మెసేజ్ వచ్చినా నెట్‌వర్క్ నమ్మేస్తుంది, ఎవరు పంపారని అడగదు. ఒక్కోదానికి ఒక్కో కీ పెట్టమంటుంది మాన్యువల్. రాసినవాడికేం, రాస్తాడు. నేను అన్నిటికీ ఒకటే పెట్టేశాను. నా వాగ్దానం అంకెలు. మరిచిపోను కదా.

జనవరి 14

గంగన్న దిగే మనిషి. జగిత్యాల వైపు. యాభై దాటాయి, చదువు రాదు. మూత తీసే ముందు ప్రతిసారీ నా ట్యాబ్‌లోకి తొంగి చూస్తాడు. సూడు బిడ్డా, పచ్చగున్నదా, పచ్చగుంటెనే దిగుత అని మా ఇంటామె గౌరవ్వకు మాటిచ్చిన అంటాడు. నేను ఊ అనేదాకా కాలు పెట్టడు.

జనవరి 23

పదిహేడో నోడ్ ఎరుపు. నాలుగు రోజులుగా పని ఆగింది. సైట్ సూపర్‌వైజర్ మన శాంసనే. ఫోర్‌మన్ అందరి ముందూ యల్లా యల్లా, తొందరగా కానీ అంటూ అతన్ని దులిపేశాడు. అక్సా అక్కా, మొన్న ఆరోది కూడా ఉత్తినే ఎర్రగా చూపించింది కదా, ఇదీ అంతేనేమో అన్నాడు శాంసన్. ఇది ఉత్తిది కాదన్నాను.

జనవరి 28, సాయంత్రం

పదిహేడు పచ్చబడింది. రీడింగుల అంకెలు ఎక్కడో చూసినట్టున్నాయి. ప్రేయర్‌కి టైమైంది, ట్యాబ్ మూసేశాను.

జనవరి 29

గంగన్న పడిపోయాడు.

నన్ను అడిగే దిగాడు. నేను ఊ అన్నాను. నడుముకి తాడుంది కాబట్టి పైన దాన్ని పట్టుకున్న హెల్పర్ పరశురాం లాగగలిగాడు. ఐసీయూలో ఉన్నాడు.

జనవరి 30

లాగ్ తీశాను. పదిహేడు మొన్న సాయంత్రం నుంచి పంపిన రీడింగులు జనవరి 16న పంపినవే. ఒక్క అంకె తేడా లేదు. సైట్ లాప్‌టాప్‌లో టెస్టింగ్ కోసం పాత రీడింగుల్ని మళ్ళీ పంపే ఆప్షన్ ఉంది. కీ కొడితే చాలు. ఎవరో సరైన కీ కొట్టారు.

నాకు తప్ప ఎవరికీ తెలియదే అనుకుంటూ కూర్చున్నాను. తర్వాత గ్రూపు తెరిచాను. జనవరి 1. నా కార్డు. ఎనభై మంది చూశారు. వాళ్ళలో నేను కాక ఆ సైట్‌లో పనిచేసేది ఒక్కడే.

జనవరి 31, శుక్రవారం

ఫెలోషిప్‌లో శాంసన్ గంగన్న కోసం ఏడుస్తూ ప్రార్థన చేశాడు. దొంగ ఏడుపు కాదు. అందుకే నాకు భయమేసింది.

బయట చెప్పుల దగ్గర నిలదీశాను. సెన్సర్‌దే తప్పనుకున్నానక్కా, ఒక్క రోజే కదా అనుకున్నాను, నీ కార్డు అంకెలు కొట్టి చూస్తే కీ ఒక్కసారికే పడింది, ఉద్యోగం పోతే ఎలా, ఇంట్లో రోజీకి నెలలు నిండాయి, చెప్పకక్కా అన్నాడు. నా కీ ఒక్కసారికే పడిందట. కొట్టాలనిపించింది. అతన్నో నన్నో తెలియలేదు.

మా మేనేజర్ రిపోర్టులో బ్యాటరీ ఫెయిల్యూర్ అని రాసేయ్, ఖలాస్, అయిపోతుంది అన్నాడు. సంతకం నాది. నిజం రాస్తే శాంసన్ ఒక్కడే కాదు, నేనూ పోతాను. ఉద్యోగం, వీసా అన్నీ. ఇంకా సంతకం పెట్టలేదు.

ఫిబ్రవరి 2, మధ్యాహ్నం

గంగన్న కళ్ళు తెరిచాడు. నర్సు రెండు నిమిషాలే అంది. నా చెయ్యి పట్టుకున్నాడు. నన్ను వంగమని సైగ చేశాడు. తప్పు నాదే బిడ్డా, కండ్లు సక్కగ కనవడ్తలేవు, ఎర్రగున్నదాన్ని పచ్చగున్నదనుకున్న, కంపెనోళ్ళకు నేనే జెప్త, నీ మీదికి రానియ్య అన్నాడు.

కారిడార్లో కూర్చుని ఏడ్చాను.

అదే రోజు, నాలుగు గంటలు

రిపోర్టు పంపాను. కీ ఎవరు పెట్టారు, ఎందుకలా పెట్టారు, ఎవరు వాడారు. మొదటి పేరు నాది. రెండోది శాంసన్‌ది. పంపే ముందు అతనికి ఫోన్ చేసి చెప్పాను. వెనక నుంచి రోజీ, ఫోన్ ఎవరండీ అని అడుగుతోంది.

ఫిబ్రవరి 3

గంగన్నకి చెప్పాను. నువ్వు సరిగ్గానే చూశావు, పచ్చగానే ఉంది, ఆ పచ్చ అబద్ధం, దానికి దారిచ్చింది నేను అని.

చాలాసేపు నా చెయ్యి పట్టుకునే ఉన్నాడు. తర్వాత వదిలేశాడు.