లేత్ ఎక్కిన భజన తాళాలు

విజయనగరం, శుక్రవారం

నాన్నా, కార్డు చూసి కంగారుపడకు, ఒంట్లో బాగానే ఉంది. ఫోన్లో చెప్పడానికి నోరు రాక రాస్తున్నాను. మన భజన తాళాలు లోకనాథం మావ తియ్యలేదు. కాలేజీ పాటల బృందంలో వాయిద్దామని నేనే అడక్కుండా తెచ్చాను. ఒక తాళం రెండోదానికన్నా కాస్త మందంగా ఉంటే, అది లోపమనుకుని వర్క్‌షాపులో లేత్ మీద పెట్టి, తిప్పి అరగదీసి రెండూ సమానం చేశాను. ఇప్పుడు రెండూ ఒకేలా పలుకుతున్నాయి. కలిపి కొడితే అలలా సాగే ఆ మోత పోయింది. నీకు ఏ మొహంతో ఇవ్వాలో తెలీక దాచేశాను.

నిన్న చెల్లి ఫోన్ చేసి, "భజనలో అందరి ముందరా నాన్న మావని దొంగ అనేసినాడన్నయ్యా. మావ లేచి ఎలిపోనాడు" అంది. అప్పటినుంచీ అన్నం సయించడం లేదు.

అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? నువ్వులు కోశారా? అటక మీద నా డ్రాయింగ్ బోర్డుకి చెద పట్టకుండా చెల్లిని చూడమను.

వచ్చే ఆదివారం వస్తాను. ముందు మావ గుమ్మంలోకి, తర్వాతే మనింటికి. ఈలోగా ఈ కార్డు నువ్వే ఆయనకు చదివి వినిపించు. మన పోస్టుమేన్ అందరి కార్డులూ చదివేస్తాడని విసుక్కుంటావు కదా. చదవనీ, ఊరంతా చెప్పనీ. అందుకే కవరులో పెట్టలేదు.

నీ పృథ్వీ