మూడో బోనులో కుందేలు

డాక్టరమ్మగారికి నమస్కారాలు.

నా రాత కోడి గెలికినట్టుంటుంది, తప్పులుంటే మన్నించండి. మీ ప్రయోగాల కుందేళ్ళను చూసుకునే అతని భార్యను.

జంతువుల జిగురూ ప్లాస్టిక్ దారమూ కలిపి మీరు చేసిన వలను మూడో బోనులోని కుందేలు వీపు గాయానికి అతికించారు కదా. సొంత కండ పట్టేదాకా దారం ఆసరాగా ఉంటుందట, ఈయన చెప్పారు. అమ్మా, ఆ కుందేలు చచ్చిపోయింది. వల కింద కండ పట్టలేదు, అంతా చీము పట్టింది. అప్పుడు మీరు ఊళ్ళో లేరు. తన నిర్లక్ష్యమంటారని భయపడి ఈయన దాన్ని పూడ్చేసి, వేరే మందుతో గాయం మానిన ఇంకో కుందేలును ఆ బోనులో పెట్టారు. మీరు చూసి మెచ్చుకున్నది దాన్నే.

"ఒక్క కుందేలు చస్తే కొంపేం మునగదు, నోర్మూసుకో" అన్నారు. మూసుకున్నాను. కానీ నిన్న క్యారేజీ ఇవ్వడానికి వస్తే, ఒళ్ళు కాలిన పాపతో ఒక తల్లి మీ గుమ్మం దగ్గర కూర్చుని ఉంది. "సోమవారం నా బిడ్డకు కొత్త వల వేస్తారట చెల్లీ, కుందేలుకు భలే మానిందట" అని నవ్వింది.

వేయకండమ్మా. ఈయన పేరు బయటపెట్టకండి, ఆ ఉద్యోగమే మాకు కూడు. ఈ ఉత్తరం కాల్చేయండి. పాపకు వేయడం ఆపించాకే కాల్చండి.