ఏడో పెట్టెలో స్కేట్లు

అస్తానా,
ఆదివారం

ప్రియమైన నాన్నకు,

ఈ ఉత్తరం, దీంతోపాటు సంచీలో నా స్కేట్లు రౌషన్ పిన్ని తెచ్చి ఇస్తుంది. రైలు కదిలేలోపు ఏడో పెట్టె దగ్గర తనను పట్టుకోవాలని ప్రాక్టీసు అవగానే చెమట బట్టలతోనే స్టేషన్‌కు పరుగెత్తాను. ఫోను చేద్దామంటే మా కోచ్ అందరి ఫోన్లూ పెట్టెలో వేసి తాళం పెట్టాడు. ఆటలు ముగిసేదాకా ఇవ్వడట. పిన్నికి ఆ రైల్లో ఉద్యోగం ఉండబట్టి సరిపోయింది.

చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది నాన్నా. మా అమ్మాయి ఐస్ హాకీ ఆడటానికి ఆసియా శీతాకాల క్రీడలకు వెళ్ళిందని నువ్వు వీధి వీధంతా చెప్పుకుంటున్నావు కదా. ఇక్కడ నా పని ఏమిటో తెలుసా? తలుపు తీయడం. ఆడేవాళ్ళు అలసి బెంచీకి వస్తుంటే గేటు తీయాలి, వేరేవాళ్ళు మంచు మీదికి దిగగానే మూయాలి. రెండో గోల్‌కీపర్ ఉద్యోగం ఇదే. ఇప్పటికి రెండు మ్యాచ్‌లు అయ్యాయి. రెండింట్లోనూ గోల్ ముందు మొదటి గోల్‌కీపర్ ఆల్బీనాయే. మొన్న ఎనిమిది గోల్స్ ముందున్నాం. చివరి పది నిమిషాలైనా నన్ను దింపమని అడిగాను. "గేటు బాగా తీస్తున్నావు, చెయ్యి తిరిగింది. ఇప్పుడు మార్చడం ఎందుకు?" అన్నాడు కోచ్. బెంచీ అంతా నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

అది చాలదన్నట్టు గేనా ఒకడు. నీ దగ్గర ఆరేళ్ళు సాన పట్టడం నేర్చుకుని, రెండు నెలల కిందట నిన్ను ఒంటరిగా వదిలేసి జట్టులో చేరాడే, ఆ గేనాయే ఇక్కడ అందరి స్కేట్లకూ సాన పడుతున్నాడు. రోజూ వచ్చి, "ఇలా ఇవ్వు టొగ్జాన్, నీవి మొద్దుబారాయి" అంటాడు. "మా నాన్న తప్ప ఎవరూ వీటిని ముట్టుకోకూడదు. ఆయన ఉప్పు తిని పోయినవాడివి, నువ్వు అసలే ముట్టుకోకూడదు" అన్నాను, అందరి ముందే. తల వంచుకుని పోయాడు.

కానీ స్కేట్లు మొద్దుబారిన మాట నిజం. పోయిన శీతాకాలం అంతా పట్టావే, అలాగే పట్టు నాన్నా, లోపలి అంచు కాస్త ఎక్కువ పదునుగా. ఆ సాన మీద నిలబడితే నాకు భయం ఉండదు. గురువారం పొద్దుటి రైలుకు అవి నాకు అందాలి. ఆ సాయంత్రం జపాన్‌తో మ్యాచ్ ఉంది. ఎలాగూ నన్ను దింపరు, అయినా ఆశ చావదు కదా. అప్పటిదాకా పాత జత వేసుకుంటాను. తలుపు తీయడానికి అవి చాలు.

నువ్వు ముద్దుగా పిలిచే ఒంటె పిల్ల,
టొగ్జాన్

*

ఓస్కెమెన్,
బుధవారం

నా ఒంటె పిల్లకు,

స్కేట్లు ఈ రైలుకు పంపడం లేదు. సానరాయికి బీట పడింది. కొత్తది రావాలి. కోప్పడకు.

అమ్మ గుర్రపు మాంసం సాసేజీ, ఎండు పెరుగుండలు పంపుతోంది. నువ్వు ఒక్కదానివే తినకు.

పాత జతకు గేనా చేత సాన పట్టించుకో. వాడికి పని తెలుసు. వాణ్ణి ఆ మాట అనకుండా ఉండాల్సింది.

రాత వంకరగా ఉంటే ఏమీ అనుకోకు. బల్ల కదులుతోంది.

ఇట్లు,
మీ నాన్న కైర్గెల్ది

*

అస్తానా,
శుక్రవారం

నాన్నకు,

ప్రియమైన అని రాయబుద్ధి కావడం లేదు, అందుకే రాయలేదు.

నిన్న పొద్దున ప్లాట్‌ఫామ్ మీద పిన్ని నా చేతిలో సాసేజీ పెట్టింది. "స్కేట్లేవి పిన్నీ?" అన్నాను. "మీ నాన్న ఇవ్వలేదే. ఆ మనిషి మొహం కూడా బాగాలేదు" అంది. ఇరవై రెండేళ్ళు సాన పట్టినవాడివి, సరిగ్గా ఈ వారమే నీ రాయికి బీట పడాలా? ఊళ్ళో ఇంకో సానరాయే లేదా?

ఇప్పుడు విను. మ్యాచ్ మొదలై నాలుగు నిమిషాలు కాలేదు, హాకీ బిళ్ళ వచ్చి ఆల్బీనా చేతికి తగిలింది. వేలు విరిగింది. కోచ్ నా వైపు తిరిగి, "ఇంకా గేటు పట్టుకుని నిలబడ్డావేం, దిగు" అన్నాడు. పదేళ్ళుగా నేను ఎదురుచూసిన మాట అది. ఆ మాట విన్నప్పుడు నా కాళ్ళకు ఏమున్నాయి? పాత జత. గేనాకు ఇవ్వడానికి నాకు మనసొప్పలేదు, సాన పట్టించలేదు. పక్కకు తోసుకుందామంటే కాలు జారిపోతోంది. మొదటి భాగంలోనే మూడు గోల్స్ ఇచ్చేశాను. మూడోదానికైతే కూర్చుండిపోయాను, జనం నవ్వారు.

విరామంలో గోడ వైపు తిరిగి ఏడుస్తుంటే ఆల్బీనా వచ్చింది. కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఇంకో చేత్తో తన స్కేట్లు విప్పి నా ముందు పడేసింది. "ఏడుపు రేపు ఏడుద్దువు గాని, ఇవి వేసుకో" అంది. అర సైజు పెద్దవి. రెండు జతల మేజోళ్ళు వేసుకుని దిగాను.

నాన్నా, మొదటి అడుగుకే నాకు తెలిసిపోయింది. అది నీ సాన. లోపలి అంచు మంచును అచ్చం అలాగే పట్టింది. ఆ తర్వాత ఒక్క గోల్ కూడా పోనివ్వలేదు, ఇరవై ఆరు ఆపాను. అయినా రెండుకు మూడు గోల్స్‌తో ఓడిపోయాం. నా స్కేట్లు నాకు ఉంటే గెలిచేవాళ్ళం. గేనా నిన్ను వదిలి పోవడమే కాకుండా నీ పనితనం కూడా ఎత్తుకుపోయాడు, చూశావా?

మంగళవారం ఆఖరి మ్యాచ్. గెలిస్తే పతకం. గోల్ ముందు నేనే. ఆల్బీనా స్కేట్లలో మడమ కొట్టుకుని పుండు పడింది. రాయి వచ్చినా రాకపోయినా సోమవారం రైలుకు నా జత నాకు కావాలి.

టొగ్జాన్

*

ఓస్కెమెన్,
ఆదివారం

నా బంగారు తల్లికి,

ఈ రాత అమ్మది. నేను చెబుతుంటే రాస్తోంది. ఇప్పటికే రెండుసార్లు కలం పడేసి నన్ను తిట్టింది.

రాయికి బీట పడలేదమ్మా. నా కుడి చెయ్యి వణుకుతోంది. పోయిన శీతాకాలానికి ముందే మొదలైంది. అప్పటి నుంచి నీ స్కేట్లకు సాన పట్టింది నేను కాదు, గేనా. నువ్వు వచ్చే వేళకు నేను రాయి ముందు కూర్చునేవాణ్ణి, వాడు పక్కకు తప్పుకునేవాడు. "చెప్పేద్దాం కైర్గెల్ది గారూ" అని వాడు ఎన్నిసార్లు అన్నాడో. నేనే వద్దన్నాను.

జట్టుకు సానపట్టేవాడు కావాలని కబురొస్తే వాణ్ణి బతిమాలి పంపింది కూడా నేనే. నా చెయ్యి నీ వెంట ఉండాలనుకున్నాను. నువ్వేమో దానికే మొహం చాటేశావు. తప్పు నీది కాదు. ఉప్పు తిని పోయాడని ఊరంతా వాణ్ణి తిడుతుంటే నోరు మూసుకుని విన్నవాణ్ణి నేను.

సోమవారం నీ ఉత్తరం చదివి మురిసిపోయాను. పాతరోజుల్లా ఒక్కసారి నా చేత్తోనే పడదామని ఎడమ స్కేటు రాయికి ఆనించాను. చెయ్యి ఎగిరింది. మడమ దగ్గర గాటు పడింది. ఇక నీకు ఏం పంపను? అబద్ధం పంపాను.

గురువారం మన స్కేటింగ్ రింకు క్యాంటీన్‌లో టీవీ ముందు కూర్చున్నాం. నువ్వు ఆపడం మొదలుపెట్టాక అందరూ నా భుజం తట్టారు. "కైర్గెల్ది సాన అంటే సానే" అన్నారు. ఆరోజు ఆ పొగడ్త తీసుకున్నాను. నిన్న నీ ఉత్తరం వచ్చాక అక్కడికే వెళ్ళి అందరి ముందు చెప్పాను, మీరు పొగిడింది గేనా సానని. వంటామె ఎప్పుడూ నా కుడి చేతి దగ్గర పెట్టే టీ గ్లాసును ఎడమ పక్కకు జరిపింది.

నీ స్కేట్లు ఈ రైలుకు పంపుతున్నాను. పిన్ని దగ్గర అందుకోగానే నేరుగా గేనాకు ఇవ్వు. గాటు పడిన చోట సుద్దతో గుర్తు పెట్టాను. గీత వంకరగా ఉంటుంది, ఎవరు గీశారో వాడికి తెలుసు. ఉప్పు తిన్నవాడు అన్నావుగా, వాడికని వేరే సాసేజీ ఉంది. నీ చేత్తో కోసి పెట్టు.

ఇట్లు,
మీ నాన్న కైర్గెల్ది

(ఈ ఒక్క ముక్క అమ్మ మాట: సంతకం ఆయన చేత్తోనే పెట్టించాను. పావుగంట పట్టింది.)