ఆదివారం దాకా ఆపిన కార్డు

శనివారం, 12–8–1961

పూజ్యులైన నాన్నగారి పాదాలకు నమస్కరించి మీ కుమారుడు అచ్యుతరావు రాయు విశేషాలు. ఇక్కడ నేను, సరోజ క్షేమం. గుడివాడలో మీరు, అమ్మ క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

మీ మోకాలి నొప్పికి సరోజ తైలం కాచి ఉంచింది. "జైలు పని అలవాటయిందా, పని నేర్పే పాత వార్డర్లెవరున్నారు?" అని అడిగారు. ఎవరూ లేరండీ. ఇక్కడ మీతో వార్డర్లుగా పనిచేసిన ముగ్గురూ ఈ వేసవిలో రిటైరయ్యారు, ఇద్దరు బదిలీ మీద వెళ్ళారు. మిగిలిన వార్డర్లలో పద్నాలుగు నెలల సర్వీసున్న నేనే సీనియర్ని. మొన్న చేరిన ఏసుపాదం బియ్యం మిల్లు నుంచి వచ్చాడు. నాకంటే పదేళ్ళు పెద్ద, అయినా తాళం ఎటు తిప్పాలన్నా నన్నే అడుగుతాడు. నవ్వుకునే స్థితిలో లేను నాన్నగారూ. నాకు దిక్కు తోచడం లేదు.

దివిసీమ జాలరి నూకరాజు వలల తగాదాలో శిక్షపడి ఇక్కడున్నాడు. చదువు రాదు. ఖైదీలకొచ్చే కార్డులు గేటు డ్యూటీలో ఉన్న వార్డరే తీసుకుని చదివి వినిపించాలి. సోమవారం నేనుండగా వాళ్ళ ఊరి మాస్టారు రాసిన కార్డొచ్చింది. నూకరాజు కూతురు మహాలక్ష్మికి జ్వరం తిరగబెట్టిందట. ఆరేళ్ళ పిల్ల, నాన్న కోసం కలవరిస్తోంది, ఒక్కసారి పంపించమని రాశారు.

చిన్నప్పుడు మీరు అన్నం తింటూ అమ్మతో అన్న మాట నాకు గుర్తుంది. చెడ్డకబురు ఖైదీకి ఆదివారం పొద్దున, అందరూ క్షౌరానికి వరండాలో కూర్చున్నప్పుడు చెప్పాలి, గదిలో ఒంటరిగా ఏడవనివ్వకూడదని. ఈ ఉద్యోగం గురించి నాకు తెలిసిందల్లా అదే. కార్డు జేబులో పెట్టుకుని, ఏసుపాదానికి కూడా ఆ పద్ధతి గొప్పగా చెప్పాను. "కార్డేమన్నా వచ్చిందా బాబూ?" అని నూకరాజు రోజూ అడిగితే లేదన్నాను.

మీరన్నది చావుకబురు గురించి. బతికున్న పిల్ల కబురు ఆపమని మీరెప్పుడూ అనలేదు. అర్జీ పెడితే ఇద్దరు వార్డర్లను తోడిచ్చి ఖైదీని ఇంటికి పంపుతారని నాకప్పుడు తెలియదు, చెప్పేవాళ్ళూ లేకపోయారు. ఇవాళ పొద్దున రెండో కార్డొచ్చింది. పిల్ల గురువారం పోయింది.

మొదటి కార్డు లేకుండా చేస్తే ఎవరికీ తెలియదు. మీ దగ్గర దాపరికం ఎందుకు, పొయ్యి దాకా తీసుకెళ్ళాను. చెయ్యి రాలేదు.

ఇక్కడిదాకా రాసి లేచివెళ్ళి, మళ్ళీ ఇప్పుడే కూర్చున్నాను. రెండు కార్డులూ చదివి వినిపించాను. నూకరాజు కటకటాలు పట్టుకుని విన్నాడు.

"ముందుది ఏ వారం వచ్చింది బాబూ?"

సోమవారమని చెప్పాను.

"మంగళారం పొద్దుటికి ఇంటికాడ ఉందును గదా" అన్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది. ముందు కార్డే మళ్ళీ చదవమన్నాడు. నాన్న కోసం కలవరిస్తోందన్న చోట ఇక ఆపమన్నాడు.

జరిగింది జరిగినట్టు పై అధికారి గారికి రాసి ఆయన బల్ల మీద పెట్టాను, ఆయన ఊరెళ్ళారు, సోమవారం గానీ రారు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. బయటికొస్తుంటే ఏసుపాదం వెనకే వచ్చాడు.

"ఆదివారమే చెప్పాలన్నారు గదండీ. ఆ పామిడిముక్కల ఖైదీ కోటయ్య లేడండీ, వాళ్ళమ్మకి బాగాలేదని నిన్న కార్డొచ్చిందండీ. నేనూ జేబులోనే ఉంచానండీ."

వెంటనే కోటయ్యకి ఆ కార్డు చదివి వినిపించాను. అర్జీ ఎలా రాయాలో మా ఇద్దరికీ తెలియదు. పోస్టులో ఆలస్యమని ఈ ఉత్తరం గుడివాడ బస్సు కండక్టరు చేతికిస్తున్నాను. అందగానే అర్జీ రాసిపెట్టడానికి బయల్దేరి రండి. ముసలావిడ ఇంకా బతికే ఉంది.

ఇట్లు,
మీ కుమారుడు
అచ్యుతరావు