ఐదో మాటకు తెల్ల కోటు

ముసఫ్ఫా, 10 మార్చి 2023

ప్రభువునందు ప్రియమైన చెల్లి యూనిస్‌కు, ఈ గల్ఫ్ కూలీల క్యాంపు వంటశాల నుంచి అన్న ఏసురాజు వందనాలు.

ఈస్టరు ముందరి ఈ శ్రమదినాలు ముగిసేదాకా ఫోను ముట్టనని తీర్మానించుకున్నాను. అపొస్తలులు ఫోన్లు లేకుండానే సంఘాలు కట్టారు. అందుకే ఈ కాగితం.

గుడ్ ఫ్రైడేనాడు సిలువ మీది ఏడు మాటల్లో ఐదోది, దప్పిక మాట, ప్రసంగించమని నాకిచ్చారు. ఏళ్ల తరబడి ఎదురుచూసిన మాట. కానీ సంఘపెద్ద ప్రభుకిరణ్ గారు నన్ను పక్కకు పిలిచి, "ఏసురాజన్నా, నువ్వు వాక్యం ఎత్తుకోగానే నీ కోటు వాసనకి జనం ఉపవాసం వదిలేసి కెఫెటేరియాకి పోతున్నారు. ఆ రోజుకి మరకా వాసనా పోవాలి. లేదంటే ఐదో మాట జెబెల్ అలీ క్యాంపు జోషువాకిస్తాం, ఖలాస్" అన్నారు.

ఆ రోజు అందరిమీదా తెల్లబట్టలే. నాకున్న తెల్లబట్ట ఈ వంటకోటు ఒక్కటే. కుష్ఠరోగి నయమాను యొర్దానులో ఏడు మునకలు వేసి శుద్ధుడయ్యాడు. నా కోటు ఎన్ని మునకలు వేసినా కోడివేపుడు వాసన దాన్ని విడిచిపెట్టడం లేదు. ఆస్పత్రిలో ఎన్నో మరకలు చూసినదానివి, మార్గం చెప్పు.

నీ అన్న,
ఏసురాజు

తా.క.: ఈ కాగితం కోటు జేబులో ఉండిపోయింది. చదివాక చెయ్యి కడుక్కో.

డేరా, 14 మార్చి

అన్నయ్యకు, యూనిస్ వందనాలు.

బస్సు డ్రైవరు మీరావలి నీ ఉత్తరాన్ని ఒక కొసన పట్టుకుని తెచ్చిచ్చాడు.

కొత్త చొక్కా కొనుక్కోమంటే నువ్వు వినవు కాబట్టి చెబుతున్నాను. తడపకముందే మరకమీద పొడి పిండి చల్లి గంటసేపు వదిలెయ్. అది నూనె పీల్చుకుంటుంది. దులిపేసి, గిన్నెల సబ్బు రుద్ది, వేడినీళ్లలో ఉతుకు. చివర జాడించే నీళ్లలో అరగ్లాసు తెల్ల వెనిగర్ పొయ్యి. వాసన దానితోనే పోతుంది. వంటశాలకు దూరంగా, గాలికి ఆరెయ్యి.

నీ చెల్లి,
యూనిస్

తా.క.: నీ ఉత్తరం బల్లమీద పెడితే మా గదిలో ఉండే సుభద్ర, కోడివేపుడు ఎవరు పంపారని మూతలన్నీ తీసి చూసింది.

ముసఫ్ఫా, 21 మార్చి

ప్రియమైన చెల్లికి,

పిండి చల్లాను. వంటశాలలో చేతికందింది పకోడీలకు కలిపి ఉంచిన శెనగపిండి. అందులో కారం, వాము ఉన్నాయని వేడినీళ్లు పోశాక తెలిసింది. దులపడం మరిచాను. ఇప్పుడు నా కోటు నూనెలో వేయడమొక్కటే తక్కువ.

అది నా తప్పు. వెనిగర్ మాత్రం నీ తప్పు. వెనిగరంటే చిరకే కదా? దప్పిగొన్న ప్రభువుకి ఆ దుర్మార్గులు అందించిందేమిటి? చిరక. ఆయన దప్పికను గూర్చి ప్రసంగించే నోటిని ఆ చిరకలో ముంచిన కోటులో నిలబెట్టమంటావా? వంటకి వాడతాను, వాక్యానికి వాడను. కొత్త చొక్కా సంగతీ ఎత్తకు. పాత కోటును శుద్ధి చేయలేనివాడు పాత పాపులను ఏం చేస్తాడు?

అన్న ఏసురాజు

తా.క.: వాసన పోవాలని అత్తరు చల్లాను. ఇప్పుడది పెళ్లి భోజనాల వాసన. జనం ఇంకా తొందరగా లేచిపోతున్నారు.

డేరా, 25 మార్చి

అన్నయ్యకు,

రూతు రెండో అధ్యాయం తియ్యి. బోయజు రూతును భోజనానికి పిలిచి రొట్టెముక్క దేంట్లో ముంచుకోమన్నాడు? చిరకలో. ఆ ముక్క తిన్నామె వంశంలోనే దావీదు పుట్టాడు. నీ కోటు రూతుకంటే పరిశుద్ధమైనదా?

మళ్లీ మొదలుపెట్టు. ఈసారి ఉత్త మొక్కజొన్న పిండి. దులుపు. అత్తరు ముట్టకు.

యూనిస్

తా.క.: ఫోనెత్తట్లేదని అమ్మ ఊళ్లో నీకోసం ప్రార్థన పెట్టించింది. ఫోన్ ఉపవాసమని చెప్పాను. తిండి మానేశావనుకుని మళ్లీ పెట్టించింది.

ముసఫ్ఫా, 8 ఏప్రిల్

ప్రభువునందు ప్రియమైన చెల్లి యూనిస్‌కు, ఓడిపోయిన అన్న వందనాలు.

బోయజు మాటకు లోబడి చిరకలో ముంచాను. కోటు హిమంలా తెల్లబడింది. ఎండ వాసన తప్ప మరో వాసన లేదు.

నిన్న ఆరాధనలో నాలుగో మాట నడుస్తుండగా కోడివేపుడు వాసన లేచింది. అందరూ నావైపే తిరిగారు. "మళ్లీ నీ కోటేనా అన్నా?" అన్నాడు జోషువా. ముక్కు ఆనించి చూసుకున్నాను. నా కోటు నిర్దోషి. తల ఎత్తితే ఎదురుగా ప్రభుకిరణ్ గారి తెల్ల లాల్చీ జేబు మీద గుండ్రటి మరక, అంచులు పాకుతూ కనిపించింది. నెలంతా మరకలతో పోరాడినవాణ్ణి, పోల్చుకోలేనా? జేబులో కోడివేపుడు ముక్క ఉంది.

దొంగసొమ్ము దాచిన ఆకానును గుడారంలోంచి ఈడ్చినట్టు ఈడ్చాలని లేచాను. దగ్గరికి వెళ్లేసరికి ఆయన ముఖమంతా చెమట. "షుగరన్నా," అన్నాడు మెల్లగా. "పొద్దెక్కితే కళ్లు తిరుగుతాయి. పెద్దనైయుండి ఉపవాసం ఉండలేనని ఏ నోటితో చెప్పను?"

నోవహు కొడుకులు వెనక్కి నడిచి, తండ్రి సిగ్గు కనబడకుండా ఆయన మీద బట్ట కప్పారు. నా దగ్గరున్న బట్ట ఒక్కటే. "ఏసీ చలి ఎక్కువైంది పెద్దాయనకి" అని కోటు విప్పి ఆయన మెడదాకా కప్పాను. "అవును జోషువా, నా కోటే" అన్నాను. దాని చాటున ఆయన నమిలాడు, నిలదొక్కుకున్నాడు. కోటు కింద నామీద మిగిలింది కంపెనీవాళ్ల నారింజరంగు టీషర్టు. దాంతో వేదిక ఎక్కనివ్వరు. ఐదో మాట జోషువాకి వెళ్లింది.

నీ అన్న,
ఏసురాజు

తా.క.: జోషువా బాగానే చెప్పాడు. ప్రభువు దప్పిక గురించి చెబుతూ మధ్యలో ఆగి సీసాడు నీళ్లు తాగాడు.